గాలికి అడ్డంగా ఒక బరకం

పోయిన ఆదివారం గాజువాకలో మా పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షన్. నేను షార్జాలో వెల్డర్‌ని, సెలవు మీద వచ్చి అప్పటికి పది రోజులైంది. బంతిలో కూర్చున్నాను. పులిహోర వడ్డిస్తుండగా ఎదురు వరసలోంచి మా మావయ్య అందరికీ వినపడేలా అడిగాడు.

"జుబైల్లో నీ పని బాలేదని పంపీసినారు గదా. మరి షార్జావోళ్లు ఛార్జ్‌హ్యాండ్‌ని ఎలాగ చేసినార్రా? ఒకకాడ చేతకానోడికి ఇంకోకాడ చేతనవుతాదేటి? ఎవుడినో కాకా పట్టుంటావు."

ఛార్జ్‌హ్యాండ్ అంటే పనివాళ్ల చిన్న గుంపుకి పెద్ద. నలుగురూ నవ్వారు. నేను తలొంచుకుని తిన్నాను. మావయ్యకి ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. పైగా నా చేతికి మొదటిసారి వెల్డింగ్ హోల్డర్ ఇచ్చి, రాడ్ ఎంత వంచి పట్టాలో చూపించింది ఆయనే. సింధియాలో 34 ఏళ్లు చేసి రిటైరైన మనిషి. అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది 1952లోనే గానీ, మా మల్కాపురం వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ సింధియా అనే అంటారు. ఒకే గేటు, ఒకే సైరను, ఒకే క్యాంటీను. ఆయన లెక్కలో పని అనేది మనిషి చేతిలో ఉంటుంది. చెయ్యి మంచిదైతే ఎక్కడైనా మంచిదే.

ఆ మాట అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది. కాకా పట్టానన్నందుకు కాదు. సౌదీలో, ఆ జుబైల్లో ఉన్న రెండేళ్లూ నేను కూడా అదే నమ్మాను. నాకు చేతకాదని.

అక్కడికి వెళ్లేముందు ముంబైలో ట్రేడ్ టెస్ట్ పాసయ్యాను. పైపుని 45 డిగ్రీలు వాల్చి బిగిస్తారు, మనం దాని చుట్టూ తిరుగుతూ ఆర్గాన్ గ్యాస్‌తో రూట్, అంటే అతుకులో అన్నిటికంటే లోపలి మొదటి వరస, వెయ్యాలి. 6జీ అంటారు. ఎక్స్‌రేలో ఒక్క మచ్చ రాలేదు. ఆ ధైర్యంతోనే ఏజెంటుకి కట్టడానికి అప్పు చేసి విమానం ఎక్కాను. తీరా వెళ్లాక పైపు పని ఇంకా మొదలవలేదని ప్లేట్ల మీద వేశారు. సీఓ2 వెల్డింగ్, షిఫ్టుకి ఇన్ని మీటర్లని లెక్క. నిదానంగా, చూసుకుని వేసే చెయ్యి నాది. వాళ్లకి కావలసింది పరుగు.

పైగా ఆరుబయలు యార్డు. షమాల్ గాలి మొదలైందంటే రోజుల తరబడి ఆగదు. వెల్డింగ్ చేసేప్పుడు కరిగిన లోహం చుట్టూ గ్యాస్ ఒక దుప్పటిలా ఉండాలి. గాలి కొడితే ఆ దుప్పటి ఎగిరిపోతుంది, లోపల బుడగలు పడతాయి. పైకి అతుకు నున్నగానే కనపడుతుంది, ఎక్స్‌రే ఫిల్మ్‌లో బయటపడుతుంది. రోజూ పొద్దున్నే బోర్డు మీద పేర్లు, పక్కన రిపేర్ల సంఖ్య, అంటే మళ్లీ వెయ్యాల్సిన అతుకులెన్నో, రాసేవారు. నా పేరు పక్కన ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. గాలికి అడ్డం ఏదైనా కట్టమని ఒకసారి అడిగాను. నా హిందీ అంతంతమాత్రం, అరబ్బీ సున్నా. సూపర్‌వైజర్ ఒకే మాట అన్నాడు, మిగతావాళ్లు చేస్తున్నారుగా అని. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. రెండేళ్లు నిండాక కాంట్రాక్ట్ పొడిగించలేదు. అప్పు మిగిలింది.

తర్వాత షార్జా వెళ్లాను. అక్కడ మూడో రోజు. అదీ ఆరుబయలే, అదే గాలి. పైపు దగ్గర కూర్చుని వెల్డింగ్ టార్చి వెలిగించబోతుంటే మా ఫోర్‌మన్ వచ్చి వెనక నిలబడ్డాడు. ఈజిప్టు మనిషి, యాభై దాటి ఉంటాయి. ఇంకేముంది, తిడతాడనుకున్నాను. ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. పది నిమిషాలకి భుజం మీద పాత నీలం బరకం వేసుకుని తిరిగొచ్చాడు. హెల్పర్‌ని పిలవలేదు. తనే స్కాఫోల్డింగ్ గొట్టానికి ఓ కొస, రెయిలింగ్‌కి ఓ కొస కట్టాడు, కింద అంచు ఎగరకుండా రెండు ఇనప ముక్కలు పెట్టాడు. చేతులు దులుపుకుని, ఇప్పుడు వెయ్యి అన్నట్టు తల ఊపాడు.

ఆ వారం నా ఫిల్ములన్నీ పాసయ్యాయి. అదే చెయ్యి, అంతే జీతం.

కొన్నాళ్లకి కాస్త చనువు వచ్చాక, జుబైల్లో నా రిపేర్ల సంగతి ఆయనకి చెప్పాను. దాచుకుంటే ఎప్పటికైనా తెలుస్తుందన్న భయంతో చెప్పాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. సలాని కూడా చెల్సీ వదిలేసింది కదా అన్నాడు.

నేను అప్పటిదాకా క్రికెట్ మనిషిని. కానీ క్యాంపులో మలయాళీలూ ఈజిప్టువాళ్లూ ఉంటే శనివారం రాత్రి టీవీలో ఫుట్‌బాల్ తప్ప ఇంకోటి నడవదు. మొహమ్మద్ సలా వాళ్ల దేశంలో నాగ్రిగ్ అనే పల్లెటూరి కుర్రాడు. మొదట ఆడింది అరబ్ కాంట్రాక్టర్స్ అని, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ పెట్టిన క్లబ్బుకి. ప్రాక్టీసుకి కైరో వెళ్లాలంటే బస్సులు మారుతూ నాలుగు గంటలకు పైగా పట్టేదట. 2014 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ కొన్నది. అప్పటికే ఆ జట్టులో అదే చోట ఆడే హజార్డ్ ఉన్నాడు, విలియన్ ఉన్నాడు. సలా అక్కడ మొత్తం 19 మ్యాచులు ఆడి 2 గోల్స్ కొట్టాడు. ఇటలీలో ఫియోరెంటీనాకి, తర్వాత రోమాకి పంపేశారు. 2017లో లివర్‌పూల్ తీసుకుంది. మొదటి సీజన్‌లోనే ఒక్క ప్రీమియర్ లీగ్‌లో 32 గోల్స్.

మధ్యలో మూడేళ్లు గడిచాయి, ఇటలీలో బాగా ఆడాడు, రాటుదేలాడు, అదంతా నిజమే. కానీ మా ఫోర్‌మన్ నాకు టీవీలో వేలు పెట్టి చూపించింది వేరు. సలాని కాదు, ఫిర్మినో అనే ఇంకో ఆటగాణ్ని. అందరికంటే ముందు ఉండాల్సినవాడు మాటిమాటికీ వెనక్కి దిగేవాడు. అతన్ని కాసేందుకు డిఫెండర్ కూడా వెంట వచ్చేవాడు. వెనక ఖాళీ ఏర్పడేది. సలా ఆ ఖాళీలోకి పరిగెత్తేవాడు. నాకు వెంటనే బరకం గుర్తొచ్చింది.

అప్పట్నుంచీ ఇలాంటివాళ్ల గురించి వెతికి చదవడం అలవాటైంది. సలా చెల్సీకి వచ్చిన నెలలోనే అక్కడ బెంచీ మీద కూర్చుని విసిగిపోయిన డి బ్రూయిన్ అనే ఆటగాడు జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్‌కి వెళ్లిపోయాడు. సుమారు ఏడాదిన్నరకి అక్కడ ఆ ఏటి మేటి ఆటగాడయ్యాడు. తర్వాత మాంచెస్టర్ సిటీకి వచ్చి ఏం చేశాడో ఫుట్‌బాల్ చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. థియరీ ఆన్రీ అనే ఆటగాణ్ని ఇటలీ జట్టు యువెంటస్, మైదానం అంచున, రెక్క మీద ఆడించింది. 1999లో ఇంగ్లండ్‌లో ఆర్సెనల్‌కి వస్తే అక్కడి కోచ్ వెంగర్ మధ్యలోకి తెచ్చి గోల్ ముందు నిలబెట్టాడు. అయినా మొదట్లో మ్యాచ్ తర్వాత మ్యాచ్ గోల్ లేకుండానే పోయింది. వెంగర్ మార్చలేదు, ఎందుకంటే మొనాకోలో కుర్రాడిగా ఉన్నప్పటినుంచే అతని కాలు ఎలాంటిదో తెలుసు. చివరికి ఆర్సెనల్ చరిత్రలోనే ఎక్కువ గోల్స్ అతనివి, 228. జుబైల్లో నన్ను పైపు మీద వేసి, ఒక్క నెల ఓపిక పట్టి ఉంటే అనిపిస్తుంది. అనిపించకుండా ఎలా ఉంటుంది?

వీళ్లందరిలో నాకు బాగా దగ్గరగా అనిపించినవాడు స్కాట్ మెక్‌టామినే. అయిదేళ్ల వయసు నుంచీ మాంచెస్టర్ యునైటెడ్‌లో పెరిగాడు, మా మావయ్య సింధియాలాగే, వేరే గేటు తెలీదు. ఎక్కువగా వెనక, కాపలా కాసే చోట ఆడించేవారు. 2024 ఆగస్టులో, 27 ఏళ్లకి, ఇటలీలో నాపోలికి అమ్మేశారు. అక్కడ కాంటే అనే కోచ్ అతన్ని గోల్ వైపు పరిగెత్తమని వదిలాడు. ఆ సీజన్ లీగ్‌లో 12 గోల్స్. చివరి రోజు కాల్యారీ మీద గాల్లో లేచి కత్తెరలా కాళ్లాడించి కొట్టిన గోల్‌తో టైటిల్ దారిన పడింది. లీగ్‌లోకెల్లా ఉత్తమ ఆటగాడి అవార్డూ అతనికే.

అయితే నేను పట్టుకున్నది గోల్స్ గురించి కాదు. నాపోలి వాళ్ల ఊరు నేపుల్స్, అక్కడి టమాటాల గురించి అతను మురిసిపోతూ మాట్లాడాడు. ఇంటి దగ్గర టమాటా ముట్టనేలేదట, ఆ ఇంగ్లండ్ వాటికి రుచే ఉండదట. నేపుల్స్ వచ్చాక అదే పనిగా తిన్నాడట. అది చదివి నవ్వు రాలేదు నాకు. జుబైల్ మెస్సులో రెండేళ్లు అదే రొట్టె, అదే పలచటి పప్పు. అన్నం ఉండేది, దాంట్లో కలుపుకోవడానికి ఏమీ ఉండేది కాదు. రాత్రి సగం కడుపుతో పడుకుని పొద్దున్నే నాలుగింటికి బస్సెక్కితే చెయ్యి ఎలా నిలుస్తుంది? షార్జా గదిలో ఆరుగురం తెలుగువాళ్లం. ఒకడు తగరపువలస, ఒకడు టెక్కలి. శుక్రవారం చేపల పులుసు. ఊరినుంచి తెచ్చిన చింతపండు అయిపోతుంటే పంచుకోవడంలో గొడవలు కూడా పడతాం. పనికీ పులుసుకీ సంబంధం లేదనేవాళ్లు క్యాంపులో ఒక్క నెల ఉండి చూడాలి.

బెంగ ఇంకా పెద్దది. హెసూస్ నవాస్ అని స్పెయిన్‌లో సెవియా క్లబ్బు ఆటగాడు, కుర్రతనంలో ఊరు దాటితే ఊపిరాడనంత భయం పట్టేది. జట్టు క్యాంపులకి కూడా వెళ్లలేకపోయేవాడు. అలాంటివాడు తర్వాత స్పెయిన్ జట్టులో ఉండి 2010 ప్రపంచకప్ గెలిచాడు, ఇంగ్లండ్‌లో నాలుగేళ్లు ఆడాడు. చికిత్స తీసుకున్నాడు, తొందరపెట్టకుండా ఆగినవాళ్లు దొరికారు. మనవాడు మొహమ్మద్ సలీంకి అంత తీరిక దొరకలేదు. కలకత్తా కుర్రాడు, 1936లో స్కాట్లండ్ వెళ్లి సెల్టిక్ క్లబ్బు తరఫున పాదాలకి గుడ్డపీలికలు చుట్టుకుని, బూట్లు లేకుండా ఆడాడు. ఆట చూసి జనం వెర్రెత్తిపోయారు. ఉండిపొమ్మన్నారు. ఇంటి మీద బెంగతో వచ్చేశాడు. చేతకాక కాదు. ఆ సంగతి చదివిన రాత్రి ఇంటికి ఫోన్ చేసి, ఏం మాట్లాడాలో తెలీక, సముద్రం ఎలా ఉందని అడిగాను. అమ్మ కంగారు పడింది.

తప్పంతా జుబైల్ వాళ్లదే అనలేను. నేను హిందీ నేర్చుకోలేదు. ఒకసారి కాదన్నాక ముఖం ముడుచుకుని కూర్చున్నాను. అదీకాక అప్పు నెత్తి మీద ఉంటే ప్రతి ఫిల్మూ వడ్డీలాగే కనపడుతుంది. 5 కోట్ల పౌండ్లు పెట్టి చెల్సీ కొన్న టోరెస్ అనే ఆటగాడికి అక్కడ మొదటి గోల్ కొట్టడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. గాయాల బాధ కూడా ఉందిలెండి అతనికి. కానీ అంత ధర మోసుకుంటూ పరిగెత్తడం ఎలా ఉంటుందో నాకు కాస్త తెలుసు.

నిన్న సాయంత్రం మావయ్య ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఫుట్‌బాల్ ఎత్తితే వినడని తెలుసు. అందుకని 2005 ఏప్రిల్ 5 అన్నాను. ఆ తేదీ చెప్తే చాలు ఆయనకి. మన పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన రోజు, మావయ్య యార్డు వాళ్లతో కలిసి గ్యాలరీలో ఉన్నాడు. ఏడాదికి రెండుసార్లయినా చెప్తాడు.

"అంతకుముందు నాలుగు మ్యాచుల్లో కలిపి 22 పరుగులే కదా మావయ్యా. ఆ రోజు చెయ్యి మారిపోయిందా?"

"గంగూలీ మూడో నంబర్లో దింపినాడు గదరా" అన్నాడు వెంటనే. అని ఆగిపోయాడు.

నేనింకేమీ అనలేదు. ఫోన్ తీసి, పైపు లోపలివైపు నుంచి తీసిన రూట్ ఫోటో చూపించాను. కళ్లజోడు తెమ్మని అత్తయ్యని కేకేశాడు. వేళ్లతో పెద్దది చేసి, ఆ అంచు నుంచి ఈ అంచుదాకా మెల్లగా జరిపి చూశాడు.

"గ్యాప్ ఎంత ఒగ్గినావు?"

"రెండున్నర మిల్లీమీటర్లు."

"బయటేనా? అక్కడ గాలెక్కువంటావు గదా."

"బరకం కట్టారు మావయ్యా."

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. "ఎవుడు కట్టినాడు?" అన్నాడు.

చెప్పాను, మొదట్నుంచీ.