స్టుట్‌గార్ట్‌లో కవలల పురుడు, ఒక హెబామె

జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్న ప్రతి గర్భిణికీ హెబామె సేవలు పొందే హక్కు ఉంది. ఆసుపత్రిలో కాన్పులు చేసే, ఇంటికి వచ్చి బాలింతనూ బిడ్డనూ చూసే చదువుకున్న మంత్రసానిని ఇక్కడ హెబామె అంటారు. గర్భం నిర్ధారణ అయిన నాటి నుంచి బిడ్డ పుట్టిన 12 వారాల దాకా ఆమె సేవలకయ్యే ఖర్చు బీమా సంస్థే భరిస్తుంది. సవ్యంగా సాగే కాన్పును వైద్యుడు లేకుండా హెబామె చేయవచ్చు. అత్యవసరమైతే తప్ప హెబామె లేకుండా వైద్యుడు చేయకూడదని చట్టం చెబుతుంది. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. మా వైపు పెద్దాసుపత్రి అంటే పెద్ద డాక్టరమ్మ పేరే చెబుతారు గాని, కాన్పు గదిలో రాత్రంతా పక్కన నిలబడిన మనిషి పేరు ఎవరికీ గుర్తుండదు.

హక్కు ఇంత విశాలంగా ఉన్నా మనిషి దొరకడం మాత్రం కష్టం. ఇళ్లకు వచ్చే హెబామెలు చాలావరకు స్వతంత్రంగా పనిచేసేవాళ్లు. కాన్పులు కూడా చేయదలచిన స్వతంత్ర హెబామె ఏటా వేల యూరోలు వృత్తి బాధ్యత బీమాకు కట్టాలి. పుట్టుకలో జరిగిన హానికి పరిహారం ఆ బిడ్డ జీవితాంతపు ఖర్చును బట్టి లెక్కకట్టవచ్చు కాబట్టి ఆ ప్రీమియం ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది. దాంతో ఎంతోమంది కాన్పులు మానేసి, గర్భిణులను, బాలింతలను చూడడానికే పరిమితమయ్యారు. పెద్ద నగరాల్లో వాళ్లు కూడా ఆరేడు నెలల ముందే నిండిపోతారు. అందుకే స్టుట్‌గార్ట్‌లో నాకంటే ముందు తల్లి అయిన ఒక తెలుగు అక్క, "ఇంట్లోవాళ్లకు చెప్పడం తర్వాత, ముందు హెబామెను వెతుక్కో" అని హెచ్చరించింది.

స్కానింగులో రెండు గుండెలు కనిపించిన తర్వాత ఆ వెతుకులాట ఇంకా బిగిసింది. కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షల విభాగంలో నా ఉద్యోగం. భోజన విరామంలో మెట్ల దగ్గర నిలబడి, బీమా సంస్థల ఉమ్మడి జాబితాలో ఉన్న నంబర్లకు ఫోన్ చేసేదాన్ని. చాలామంది ఆ నెలలో ఖాళీ లేదన్నారు. అది అర్థం చేసుకోవచ్చు. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన జవాబు వేరు: "కవలలా? అయితే మీరు డాక్టర్ల చేతుల్లో ఉండాలి, నా అవసరం మీకు పెద్దగా ఉండదు." మర్యాదగా చెప్పిన ఈ మాటలో సగమే నిజం ఉంది. కవలల గర్భంలో రక్తపోటు, రక్తహీనత, నెలలు నిండకముందే నొప్పులు రావడం లాంటివన్నీ ఎక్కువ. ఇంట్లో ప్రసవం అనే ఆలోచనే ఉండదు. వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి. అయితే ఆ పర్యవేక్షణ గడియారం చూసుకుంటూ జరుగుతుంది. వైద్యుడు ఇద్దరు శిశువులనూ కొలిచి, కొలతలు ముట్టర్‌పాస్ అనే గర్భిణి పుస్తకంలో రాసి, తర్వాతి తేదీ చెప్పి పంపిస్తాడు. రాత్రి పక్క మీద ఎటు తిరిగి పడుకోవాలో, ఏ నొప్పికి ఆసుపత్రికి పరుగెత్తాలో, ఏ నొప్పికి ఆగవచ్చో అడగడానికి అక్కడ సమయం ఉండదు. ఇద్దరు బిడ్డలను మోస్తున్న స్త్రీకి ఆ ప్రశ్నలు ఒక బిడ్డ తల్లికంటే ఎక్కువే ఉంటాయి. కాబట్టి ప్రమాదం ఎక్కువ ఉన్న గర్భానికి హెబామె అక్కర్లేదనడం తలకిందుల తర్కమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అనుభవం ఉన్నదెవరో ఫోన్‌లో ఎలా తెలుస్తుంది? వృత్తిలో ఎన్నేళ్లున్నారని అడిగితే లాభం లేదు, ఎందుకంటే మొత్తం ప్రసవాల్లో కవలలవి నూటికి రెండుకు అటూ ఇటూగానే ఉంటాయి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారు కూడా చివరిసారిగా కవలలను ఎప్పుడో చూసి ఉండవచ్చు. నాకు తేడా తెలిసింది వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నల్లో. చాలామంది ప్రసవ తేదీ అడిగారు, ఇంటి చిరునామా అడిగారు. ఒకావిడ మాత్రం మొట్టమొదట, "మాయలు (ప్లాసెంటాలు) ఎన్ని? ఒకటా, రెండా? డాక్టర్ రాసిచ్చారా?" అని అడిగారు. కవలల గర్భంలో అన్నిటికంటే ముందు తేలవలసిన విషయం అదే. ఇద్దరు శిశువులూ ఒకే మాయను పంచుకుంటే ఒకరి రక్తం మరొకరిలోకి అసమానంగా ప్రవహించే ప్రమాదం ఉంటుంది. అందుకని 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి స్కానింగ్ చేస్తారు. వేర్వేరు మాయలుంటే ఆ భయం దాదాపు ఉండదు, పరీక్షల మధ్య ఎడం కూడా పెరుగుతుంది. ఈ తేడా 14వ వారంలోపు స్కానింగులో స్పష్టంగా కనబడుతుంది, ఆ తర్వాత తేల్చడం కష్టమవుతుంది. నావి రెండు మాయలు. ఆ జవాబు విన్నాక ఆవిడ, "సరే, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు.

యాభై దాటిన మనిషి. నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ ఉన్న ఒక పెద్ద ఆసుపత్రి కాన్పు గదిలో చాలా ఏళ్లు పనిచేసి, తర్వాత స్వతంత్ర వృత్తిలోకి వచ్చారు. మొదటి కలయికలో నేను రాసుకుని వెళ్లిన ప్రశ్నలన్నీ అడగనిచ్చారు. పిల్లలు ముందే పుట్టి ఆసుపత్రిలో ఉండిపోయి, నేను ఒక్కదాన్నే ఇంటికి వస్తే నా దగ్గరకు వస్తారా? మీరు సెలవులో ఉంటే ఎవరు వస్తారు? ఏ పరిస్థితిలో మీరు నన్ను చూడకుండా నేరుగా ఆసుపత్రికి పంపిస్తారు? చివరి ప్రశ్నకు ఆవిడ ఇచ్చిన జవాబే నన్ను ఒప్పించింది. తలనొప్పితో కళ్లు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, శిశువుల కదలిక తగ్గడం, వీటిలో ఏది జరిగినా తనకు ఫోన్ చేస్తూ సమయం వృథా చేయవద్దని, ముందు అంబులెన్సును పిలిచి లేదా ఆసుపత్రికి బయలుదేరి, తర్వాత తనకు చెప్పమని అన్నారు. తన పని ఎక్కడ ఆగుతుందో ఇంత తేలిగ్గా చెప్పగల మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్లకు తికమక కలిగించే విషయం ఒకటుంది. గర్భంలోనూ పురిటి తర్వాతా ఇంటికి వచ్చే హెబామె వేరు, ఆసుపత్రిలో కాన్పు చేయించే హెబామె వేరు. ఆసుపత్రిలో షిఫ్టుల ప్రకారం ఉన్నవారు వస్తారు. కాబట్టి ఆసుపత్రిని కూడా విడిగా ఎంచుకోవాలి, ముందే పేరు నమోదు చేసుకుని మాట్లాడి రావాలి. శిశు విభాగం లేని చిన్న ఆసుపత్రి ఇంటికి ఎంత దగ్గరైనా కవలలకు పనికిరాదు. సగానికి పైగా కవలలు 37 వారాలు నిండకముందే పుడతారు. సిజేరియన్ తప్పదేమోనని నేను అనుకుంటుంటే, మొదటి బిడ్డ తల కిందికి ఉంటే మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చని ఆసుపత్రివాళ్లు చెప్పారు. 25 దేశాల్లో సుమారు 2,800 మంది కవలల తల్లులపై జరిపి 2013లో వెలువరించిన అధ్యయనంలో, మొదటి బిడ్డ తల కిందికి ఉన్నప్పుడు ముందే నిర్ణయించుకున్న సిజేరియన్ వల్ల శిశువులకు అదనపు మేలు కనిపించలేదు. అయితే మామూలు కాన్పుకు సిద్ధపడినవారిలో కూడా నూటికి నలభై మందికి పైగా చివరకు సిజేరియన్ అయిందని కూడా అదే అధ్యయనం చెబుతుంది. మా హెబామె ఈ రెండో సంగతిని దాచకుండా చెప్పడం నాకు నచ్చింది.

ఇది మా అమ్మకు ఫోన్‌లో చెబితే ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. "కవలలంటే ఆపరేషనే కదే, ప్రాణాలతో చెలగాటమా?" అంది. ఆమె భయానికి కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 80 శాతం పైమాటే. ఒక్క బిడ్డకే ఆపరేషన్ మామూలైన చోట ఇద్దరు బిడ్డల మామూలు కాన్పు సాహసంలా వినబడడంలో వింత లేదు. ఆ పరిస్థితి మార్చాలనే తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో నర్సులకు ప్రత్యేక మంత్రసాని శిక్షణ మొదలుపెట్టింది. మా అమ్మ కరీంనగర్ జిల్లాలోనే ఉంటుంది, అయినా ఈ శిక్షణ గురించి ఆమెకు నేను చెబితేనే తెలిసింది.

ఉద్యోగం సంగతి త్వరగా చెబుతాను, ఎందుకంటే చట్టం స్పష్టంగా ఉండడం వల్ల అక్కడ పెద్ద పోరాటమేమీ లేదు. ప్రసవ తేదీకి ఆరు వారాల ముందు, ప్రసవం తర్వాత ఎనిమిది వారాలు సెలవు; కవలలకు ఆ ఎనిమిది పన్నెండవుతుంది. నెలలు నిండకముందే పుడితే ముందు వాడుకోని రోజులు తర్వాతి సెలవుకు కలుస్తాయి. పరీక్షలకు వెళ్లే సమయానికి జీతం కోయకూడదు. చిక్కల్లా ఒకటే: లెక్క 40 వారాల తేదీ నుంచి కడతారు, కవలలు ఆ తేదీ దాకా ఆగరు. సెలవు మొదలయ్యే 34వ వారానికి నా నడక గది దాటేలా లేదు. ఆ ముందు వారాల్లోనే వైద్యుడు పని నిషేధ పత్రం రాసి ఇవ్వవచ్చని, జీతం పూర్తిగా వస్తుందని చెప్పింది హెబామెనే. మా మేనేజర్ ఆ పత్రం చూసి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

హెబామె అనుభవం నాకు నిజంగా అక్కరకొచ్చింది 32వ వారంలో. రాత్రిళ్లు అరచేతులు, అరికాళ్లు దురద. ఒంటి మీద దద్దురు ఏదీ లేదు. కొబ్బరినూనె రాయమని అమ్మ, సబ్బు మార్చమని స్నేహితురాలు చెప్పారు. హెబామె వింటూనే, రాత్రిపూట ఎక్కువవుతోందా అని అడిగి, మర్నాడు పరగడుపునే రక్తపరీక్షకు వెళ్లమన్నారు. కాలేయంలో పిత్తరసం సరిగా ప్రవహించకపోవడం వల్ల గర్భిణులకు వచ్చే దురద అది. కవలల తల్లులలో, దక్షిణాసియా స్త్రీలలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. పిత్త ఆమ్లాలు బాగా పెరిగితే శిశువులకే ప్రమాదం. నా ఫలితం స్వల్పంగానే ఎక్కువ వచ్చింది. మందు ఇచ్చారు, వారం వారం రక్తం చూశారు, 37వ వారం దాటనివ్వకూడదని నిర్ణయించారు. చర్మ వైద్యుడి దగ్గర అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకు ఇష్టం లేదు.

అమ్మ రాక గురించి పడిన లెక్కలు మాత్రం ఏ వైద్యుడూ తీర్చలేనివి. సందర్శకుల వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. ముందే పిలిస్తే పిల్లలు వచ్చేసరికి సగం రోజులు కరిగిపోతాయి. ఆలస్యంగా పిలిస్తే పురిటి సమయానికి ఎవరూ ఉండరు. హెబామె సలహా మీద 35వ వారానికి టికెట్ తీసుకున్నాం. "కాన్పు గదిలో నీకు చాలామంది ఉంటారు, ఇంటికి వచ్చిన తర్వాతి నెలకే అమ్మను దాచుకో" అన్నారావిడ. అప్పటికి ఆవిడ నన్ను ఏకవచనంలో పిలిచే చనువు ఏర్పడింది.

కాన్పు గురించి ఎక్కువ రాయను. నొప్పులు మొదలుపెట్టించారు, వెన్నులో మందు ఇచ్చారు, మొదటిది ఆడపిల్ల, సవ్యంగానే వచ్చింది. రెండోవాడు కాళ్ల వైపు తిరిగి ఉంటే వైద్యురాలు లోపలికి చెయ్యి పెట్టి కాళ్లు పట్టి తీశారు. గదినిండా మనుషులున్నారు, కానీ నాతో మాట్లాడింది ఒక్క షిఫ్టు హెబామెనే. ఇద్దరూ రెండు కిలోలు దాటారు, వెచ్చగా ఉంచడానికి కొన్ని రోజులు శిశు విభాగంలో పెట్టారు.

ఇంటికి వచ్చాక మా హెబామె మొదటి పది రోజులూ రోజూ వచ్చారు. గుడ్డ ఊయలలాంటి వేలాడే త్రాసులో పిల్లలను తూచేవారు, నా పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భాశయం ఎంత ముడుచుకుందో చూసేవారు, కుట్లు చూసేవారు. ఇద్దరికీ ఒకేసారి పాలు పట్టడం, ఒక్కొక్కరిని ఒక్కో చంకకింద పట్టుకుని దిండు మీద ఆన్చడం, ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మొదట ఒకరికి విడిగా బాగా పట్టడం వచ్చాకే ఇద్దరినీ కలపాలని పట్టుబట్టారు.

మా అమ్మకూ ఆవిడకూ మధ్య నేను దుబాసీని. నువ్వుల నూనెతో పిల్లలకు మర్దన చేయడం ఆవిడకు బాగా నచ్చింది. వెల్లుల్లి కారం, వాము వేసిన అన్నం నేను తింటుంటే అభ్యంతరం చెప్పలేదు. నాలుక మీద తేనె రాయడం మాత్రం కుదరదని గట్టిగా చెప్పారు. ఏడాది నిండని బిడ్డకు తేనెలో ఉండే బ్యాక్టీరియా వల్ల ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. సాంబ్రాణి పొగ కూడా వద్దన్నారు. అమ్మ తేనె సీసా లోపల పెట్టేసింది గాని, సాంబ్రాణి విషయంలో, "మిమ్మల్నందరినీ ఆ పొగలోనే పెంచాను" అని చివరిదాకా గొణుగుతూనే ఉంది. పిల్లలను వెల్లకిలా, దిండు లేకుండా పడుకోబెట్టడం ఆమెకు మరీ విచిత్రంగా తోచింది. తలలు గుండ్రంగా రావని బెంగ.

శిశు విభాగంలో ఉన్న రోజుల్లో మాకు ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక నర్సు పరిచయమైంది. మన దేశంలో బీఎస్సీ నర్సింగ్ చదివినవారు నర్సుగానూ మంత్రసానిగానూ ఒకేసారి నమోదవుతారు. ఆమె కూడా అంతే, జిల్లా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీల్లో లెక్కలేనన్ని కాన్పులు చూసింది. జర్మనీలో ఆమెకు గుర్తింపు నర్సుగా మాత్రమే దొరికింది. ఇక్కడ హెబామె వేరే వృత్తి, దానికి ఆసుపత్రి శిక్షణతో కలిసిన డిగ్రీ చదవాలి; 2020లో వచ్చిన చట్టం ఆ చదువును విశ్వవిద్యాలయ స్థాయికి తీసుకుపోయింది. ప్రమాణాలు ఉండవలసినవే, కాదనను. అయినా హెబామెల కోసం గర్భిణులు ఫోన్లు పట్టుకుని తిరుగుతున్న నగరంలో, ఆ చేతుల్లో ఉన్న నేర్పుకు ఒక వంతెన కోర్సు లాంటిదైనా ఉంటే బాగుండేదని ఆమెతో అన్నాను. ఆమె నవ్వి, ముందు జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష గట్టెక్కడానికే రెండేళ్లు పట్టిందని, మళ్లీ చదువంటే ఊళ్లో అప్పు తీరాకే ఆలోచిస్తానని చెప్పి, మా వాడి పాల సీసా మార్చడానికి వెళ్లింది.