నా ఒంటి మీద గీత

ఎడమ రొమ్ములో గడ్డ, పరీక్షలో క్యాన్సర్, మొత్తం తీసేయాలన్నారు, తీసేశారు. తర్వాత కీమో, రేడియేషన్. జుట్టు మళ్లీ వచ్చింది. అదంతా చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది ఆపరేషన్ ముందు రోజు సంగతి.

సాయంత్రం పెద్ద డాక్టరుగారు స్టూడెంట్లతో వచ్చి, గౌను పక్కకి లాగి పెన్నుతో గీత గీశారు. గీస్తున్నంతసేపూ మాట్లాడింది వాళ్లతోనే. "గడ్డ వరకు తీస్తే సరిపోదా సార్?" అని అడిగాను. ఆయన మా ఆయన వైపు తిరిగి, "పిల్లలు పెద్దవాళ్లయిపోయారు కదండీ, ఇంక దాంతో పనేముంది?" అన్నారు. కాగితాల మీద ముందు సంతకం కూడా మా ఆయన చేతే పెట్టించారు.

గుర్తు పెట్టడం తప్పనను. ఏ వైపు ఆపరేషనో పొరబాటు పడకుండా పెడతారు. ఆయన హస్తవాసి కూడా మంచిది, ఒక్క కుట్టు చీము పట్టలేదు. ఈరోజు బతికున్నానంటే ఆయన చలవ, బెజవాడ దుర్గమ్మ దయ. కానీ ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక బాత్రూంలో అద్దం ముందు నిలబడ్డాను. నల్లటి గీత చంక దాకా వంపు తిరిగి ఉంది. స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని, ఎంతమందికో మనిషి బొమ్మ వేయడం నేర్పాను. నన్ను నేను అంతసేపు చూసుకున్నది ఆ రాత్రే. రేపు నాకు స్పృహ లేనప్పుడు ఇంకేం తీసేస్తారో, ఎవర్ని అడిగి తీసేస్తారో అని ఒళ్లంతా వణికింది. తడిచేత్తో గీత తుడిచాను, పోలేదు. నైట్ డ్యూటీ నర్సమ్మ వచ్చి చూసింది, తిట్టలేదు. మంచం దాకా నడిపించి, కునుకు పట్టేదాకా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

కోలుకుంటున్నప్పుడు జో స్పెన్స్ గురించి చదివాను. ఆమె బ్రిటన్ ఫొటోగ్రాఫర్. 1982లో ఆమె మంచం దగ్గరికీ ఒక డాక్టరు స్టూడెంట్లతో వచ్చి, ఎవరో కూడా చెప్పకుండా ఎడమ రొమ్ము పైన గుర్తు పెట్టాడట. ఆమె మొత్తం తీయడానికి ఒప్పుకోలేదు, గడ్డ వరకే తీయించుకుంది. ఆపరేషన్‌కి ముందు "ఇది జో స్పెన్స్ సొత్తేనా?" అని రొమ్ము మీదే రాసుకుని ఫొటో దిగింది. చదివి భోరున ఏడ్చాను.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ పక్కన ఖాయెలిత్షాలో హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లు ఇంకో పని చేశారు. నిలువెత్తు కాగితం మీద పడుకుని ఒంటి చుట్టూ గీయించుకుని, మచ్చలు, వైరస్, మందులు అన్నీ లోపల రంగులతో వేసుకున్నారు. నేనూ చార్టులు అంటించి, మా చెల్లిని గీయమన్నాను.

"అక్కా, ఈ వైపు ఎలా గియ్యనే?"

"ఉన్నది ఉన్నట్టు గియ్యి."

కళ్లు మూసుకుని వేలితో తడుముకుంటూ రంగులు వేశాను. చంక కింద, చెయ్యి లోపలివైపు మొద్దుబారిన చోట నీలం. కుట్టు పొడవునా మంట, అక్కడ కుంకుమ రంగు. రొమ్ము లేని చోట ఒక్కోసారి దురద పెడుతుంది, దానికి పసుపు. అలా తడుముకుంటున్నప్పుడే ఎడమ చేతికి గాజులు బిగుసుకుంటున్నాయని గమనించాను. చార్టు చూపిస్తే ఫిజియో అమ్మాయి వాపు మొదలైందని చెప్పి, ఆ రోజే చేతికి పట్టీ కట్టింది.

ఆపరేషన్‌కి వెళ్లే అక్కచెల్లెళ్లూ, మీ సంతకం మీరే పెట్టండి. పెద్దవాళ్లం, స్పృహలో ఉన్నాం, ప్రాణం మీదకి రాలేదు అంటే ఇంట్లోవాళ్ల ఒప్పుదల చాలదని 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత తీస్తారు, ఎందుకు, వేరే దారి ఉందా అని అడగండి. విసుక్కున్నా అడగండి.

ఇప్పుడు వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. గౌను ముట్టుకునే ముందు "చూడొచ్చా అమ్మా?" అంటారు. అడిగిన ప్రతివాళ్లకీ ఆవిడ పేరే చెప్తున్నాను.