ఆవిరి ఎంత, పొంగిన నీళ్లెన్ని? ఒక పరీక్షలో నా అనుభవం

తీసుకున్న కరెంటు కంటే ఎక్కువ వేడిని ఆవిరి రూపంలో ఇస్తుందని చెప్పే ఒక యంత్రాన్ని పరీక్షించే పని ఆ మధ్య మాకు వచ్చింది. హైదరాబాద్‌లో మా కాలేజీ థర్మల్ ల్యాబ్‌లోనే చేశాం. ఇలాంటి పరీక్షల్లో పేచీ అంతా ఒక్క చోటే. గొట్టంలోంచి వచ్చేదంతా ఆవిరేనా, మరిగిన నీళ్లు కూడా పొంగి దాంతో వచ్చేస్తున్నాయా? 2011లో ఇటలీలోని బొలోన్యాలో ఆండ్రియా రోస్సి అనే ఆయన ఇలాంటి మాటే చెబుతూ ఈ-క్యాట్ అనే తన యంత్రాన్ని చూపించినప్పుడు కూడా విమర్శకులు ముఖ్యంగా ఇదే అడిగారు.

యంత్రం తయారుచేసిన పెద్దాయన మొదటి రోజే అన్నారు: "సార్, బయటికొచ్చే చోట థర్మామీటరు 98 చూపిస్తోంది. అంటే ఆవిరే కదా?"

"98లో నీళ్లు కూడా ఉంటాయండీ," అన్నాను. ఇడ్లీ పాత్రలో అడుగున మరిగే నీళ్లూ, పైన ఆవిరీ దాదాపు ఒకే వేడిలో ఉంటాయి. థర్మామీటరు ఆ రెండింటినీ విడదీసి చెప్పలేదు. (హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. లెక్కలో 100 అని వేస్తే మొదట్లోనే తేడా వస్తుంది.)

శక్తి విషయంలో మాత్రం ఆ రెండింటికీ పోలికే లేదు. 28 డిగ్రీల నీళ్లు కిలో తీసుకుని 98కి తేవడానికి సుమారు 293 కిలోజౌళ్లు చాలు. వాటిని ఆవిరి చేయాలంటే ఆపైన ఇంకో 2,260 కావాలి. పొంగిపోయిన కిలో నీళ్లను ఆవిరి కింద రాసుకుంటే, అసలు కంటే ఎనిమిది రెట్లకు పైగా శక్తి కాగితం మీద పుట్టుకొస్తుంది.

ఆవిరిలో నీళ్లు లేవని చూపించడానికి ఆయన తేమ మీటరు కూడా తెచ్చారు. దాన్ని పక్కన పెట్టమని నేను గట్టిగానే చెప్పాను. కిలో ఆవిరి 1,700 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది, కిలో నీళ్లకు ఒక్క లీటరు చాలు. అందుకే బరువులో పదో వంతు నీటి చుక్కలు ఉన్నా, చోటు లెక్కన అవి పదివేలలో ఒక వంతు కూడా ఉండవు. తేమ మీటరు ఆవిరిని చూస్తుంది కానీ చుక్కల్ని తూచలేదు.

అసలు యంత్రం ముట్టుకునే ముందు, అదే సైజు పాత్రలో మామూలు 3 కిలోవాట్ల హీటర్లు పెట్టి, అదే పంపుతో గంటకు 6 కిలోల నీళ్లు పంపించాం. అన్ని నీళ్లనీ ఆవిరి చేసే శక్తి ఆ హీటర్లకు లేదు. అయినా బయట థర్మామీటరు 98 దగ్గర కదలకుండా నిలబడింది, గొట్టం నుంచి పొగలు బాగానే వచ్చాయి. మొత్తం ఆవిరే అనుకుని లెక్క కడితే 4.25 కిలోవాట్లు! మామూలు హీటరే నలభై శాతం అదనపు శక్తి ఇస్తున్నట్టు తేలింది. పెద్దాయన ఆ కాగితం వైపు చాలాసేపు చూశారు. నాకు ఈ పరీక్ష మొత్తంలో అన్నిటికన్నా విలువైన అంకె అదే.

ఇక కొలవడం. పంపు మీద రాసిన రేటును నమ్మకుండా, నీళ్ల తొట్టినే తూకం మీద పెట్టాం. యంత్రం లోపల నీటిమట్టం పెరిగినా తగ్గినా లోపలికి వెళ్లినవీ బయటికి వచ్చినవీ సరిపోవు. మరిగేటప్పుడు నురగ లేచి గాజు గొట్టంలో మట్టం తప్పు చూపిస్తుంది కాబట్టి, పరీక్షకు ముందూ తర్వాతా యంత్రాన్ని కూడా తూచాం. బయటి గొట్టానికి గ్లాస్ ఊల్ చుట్టాం. లేకపోతే దారిలో చల్లారిన ఆవిరి నీరై, పొంగిన నీళ్లలో కలిసి యంత్రానికి అన్యాయం చేస్తుంది. గొట్టం కిందికి వంగిన చోట యూ ఆకారంలో ట్రాప్ పెట్టాం. నీళ్లు అందులో దిగుతాయి, ఆవిరి ముందుకు పోతుంది. ట్రాప్ నుంచి కారే నీళ్లను ఖాళీ బీకరులో పడితే కొంత అక్కడే ఆవిరైపోతుంది. అందుకే ముందే తూచిన చల్లటి నీళ్లలోకి వదిలాం.

ట్రాప్‌కు చిక్కని సన్నటి చుక్కల సంగతి డ్రమ్ము తేల్చింది. ఆవిరి గొట్టాన్ని 40 కిలోల చల్లటి నీళ్లలో ముంచాం. కిలో పొడి ఆవిరి (అంటే నీటి చుక్కలు కలవనిది) చేరితే ఆ నీళ్లు 28 నుంచి దాదాపు 43కి ఎక్కాలి. చేరింది కిలో మరిగిన నీళ్లయితే రెండు డిగ్రీలు కూడా పెరగవు. డ్రమ్ము ఎంత బరువెక్కిందో, ఎంత వేడెక్కిందో తెలిస్తే ఆవిరి ఎంత పొడిగా ఉందో లెక్క వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: హీటరు ఆపేముందు గొట్టానికి గాలి వాల్వు తెరవాలి. లేకపోతే లోపలి ఆవిరి చల్లబడి, యంత్రం డ్రమ్ములో నీళ్లను వెనక్కి లోపలికి లాగేసుకుంటుంది.

మామూలు హీటరు మీద ఈ ఏర్పాటు సరిగ్గా పనిచేసింది. లెక్క ప్రకారం గంటకు 2 కిలోల నీళ్లు పొంగాలి. గోడల నుంచి పోయే వేడి వల్ల అంతకంటే కాస్త ఎక్కువే ట్రాప్‌లో పడ్డాయి. తర్వాత యంత్రాన్ని అదే పంపు రేటుతో నడిపాం. ట్రాప్ నిండుతూనే ఉంది. ఆవిరినీ, పొంగిన నీళ్లనీ విడివిడిగా లెక్కేసి కూడితే, వచ్చిన వేడి ఎనర్జీ మీటరు చూపించిన కరెంటును దాటలేదు.

"పంపు తగ్గించి చూద్దాం సార్," అన్నారు పెద్దాయన. అడగవలసిన మాటే. తగ్గించాం. ట్రాప్‌లో నీళ్లు పడటం దాదాపు ఆగింది, డ్రమ్ము లెక్కలో ఆవిరి పొడిగా వచ్చింది, ఇచ్చిన కరెంటూ వచ్చిన వేడీ మళ్లీ అక్కడికక్కడే సరిపోయాయి. రెండు షీట్ల మీదా ఇద్దరం సంతకాలు చేశాం.