సెవెన్ మైల్ బీచ్‌లో తొమ్మిదేళ్ల రాత్రులు

గ్రాండ్ కేమన్ ద్వీపపు పడమటి తీరాన్ని సెవెన్ మైల్ బీచ్ అంటారు గాని, ఆ ఇసుక తీరం పొడవు నిజానికి ఆరు మైళ్లకు అటూ ఇటూగానే ఉంటుంది. క్యూబాకు దక్షిణంగా, జమైకాకు వాయవ్యంగా ఉన్న మూడు చిన్న ద్వీపాలలో పెద్దది గ్రాండ్ కేమన్. 1962లో జమైకా స్వతంత్ర దేశమైనప్పుడు కేమన్ దీవులు బ్రిటన్ పాలనలోనే ఉండిపోవాలని నిర్ణయించుకున్నాయి. ఆ తీరంలో, దక్షిణపు కొసకు దగ్గరగా ఉన్న ఒక హోటల్లో 2014 నవంబరు నుంచి 2023 నవంబరు వరకు నేను నైట్ ఆడిటర్‌గా పనిచేశాను. రాత్రి పదకొండు గంటలకు విధులలో చేరి, ఆ రోజు గదుల అద్దెలు, భోజనశాలల బిల్లులు, బార్ లెక్కలు సరిచూసి, మర్నాటి ఉదయం ఏడు గంటలకు తాజా లెక్కను అప్పగించడం నా పని. కేమన్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా ఉంది కాబట్టి, నా రాత్రి ఉద్యోగం మా ఊరి పగటి వేళతో సరిగ్గా సరిపోయేది. అతిథులందరూ నిద్రపోయాక, మా అమ్మ ఉప్పాడలో మధ్యాహ్న భోజనం ముగించి మగ్గం దగ్గరకు వెళ్లే ముందు నాతో మాట్లాడేది.

ఉప్పాడ అంటే చాలామందికి జాందానీ చీరలే గుర్తుకు వస్తాయి. ఆ ఊరివాళ్లకు దానితో పాటు సముద్రపు కోత కూడా గుర్తుకు వస్తుంది. నాకు పదేళ్లు ఉన్నప్పుడు మా పాత ఇంటి గుంట మగ్గంలోకి ఉప్పునీరు వచ్చి చేరింది. మరో రెండేళ్లకు ఆ ఇల్లే లేకుండా పోయింది. అందువల్ల సముద్రం పక్కన కట్టిన ఏ గోడనైనా నేను అందరిలా చూడలేను. ప్రపంచంలోనే అందమైన తీరాల్లో ఒకటిగా పేరుపొందిన చోట తొమ్మిదేళ్లు పనిచేసి కూడా, నా కన్ను ముందుగా నీలి నీటిమీదికి కాక, నీటికీ గోడకీ మధ్య మిగిలిన ఇసుక వెడల్పు మీదికే వెళ్లేది.

ఉదయం ఐదు గంటలకు ఆ తీరాన్ని చూసే అతిథులు అరుదు. అప్పటికింకా చీకటి ఉంటుంది. రోడ్డు పక్కన స్వేచ్ఛగా తిరిగే కోళ్లు కూస్తుంటాయి. ఇసుకను చదును చేసే యంత్రం ముందురోజు అడుగుజాడలన్నిటినీ తుడిచివేస్తూ ఒక కొస నుంచి మరో కొసకు వెళ్తుంది. రాత్రి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును పారలతో ఎత్తి తీసుకుపోతారు. ఆ తర్వాత నలుగురు కుర్రాళ్లు పడక కుర్చీలను వరుసగా పరిచి, గొడుగులను ఒకే వాలులో నిలబెట్టి, తువ్వాళ్లు చుట్టి పెడతారు. ఏడు గంటలకు మొదటి అతిథి వచ్చేసరికి ఆ ఇసుకమీద మనిషి ఎన్నడూ నడవనట్టే ఉంటుంది. ప్రకృతి ఇచ్చింది కొంతే. మిగిలినదంతా ప్రతి రాత్రీ కొత్తగా తయారవుతుంది. అది చేసే చేతులు ఎక్కువగా జమైకా, ఫిలిప్పీన్స్, హోండురాస్ వారివి, కొద్దిగా మనవి.

మా హోటల్లో బట్టల గది చూసుకునే పెద్దావిడ స్థానికురాలు. అక్కడ పెద్దవారిని పేరుకు ముందు 'మిస్' చేర్చి పిలవడం మర్యాద. నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆవిడ చెప్పేవరకు నాకు తెలియని సంగతి ఏమిటంటే, ఇప్పుడు ఎంతో ఖరీదు పలికే ఈ తీరపు భూమిని ఒకప్పుడు ఎవరూ కోరుకునేవారు కాదట. ఇసుకలో పంట పండదు, పశువులకు మేత దొరకదు, పైగా చిత్తడి నేలల నుంచి లేచే దోమలు సాయంత్రమైతే మనిషిని నిలబడనిచ్చేవి కావు. పశువులు దోమల వల్ల ఊపిరాడక చనిపోయిన సంగతులు ఆ ద్వీపపు చరిత్రలో రాసి ఉన్నాయి. 1965లో దోమల నిర్మూలనకు ప్రత్యేక విభాగం ఏర్పడి, చిత్తడి నేలలమీద పని మొదలుపెట్టాకే అక్కడ హోటళ్లు నిలదొక్కుకోగలిగాయి. ఆ దశకంలోనే బ్యాంకులు, కంపెనీలు, ట్రస్టులకు అనుకూలమైన చట్టాలు వచ్చాయి. ఆదాయపు పన్ను ఎటూ లేదు. ఇక డబ్బు ఆ ఇసుకను వెతుక్కుంటూ వచ్చింది.

అంతకు ముందు ఆ ద్వీపపు మగవాళ్లు ఓడల్లో పనికి, తాబేళ్ల వేటకు నెలల తరబడి వెళ్లిపోయేవారు. ఇంటి దగ్గర ఆడవాళ్లు సిల్వర్ థాచ్ అనే తాటిజాతి చెట్టు ఆకులను చీల్చి, పేనిన తాళ్లను జమైకాకు అమ్మి ఇల్లు గడిపేవారు. ఆ తాడు ఉప్పునీటిలో నానినా త్వరగా చివకదు. పెద్దావిడ తన తల్లి పేనిన తాడు ముక్కను ఒకసారి తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు, మా అమ్మ మగ్గంమీద పోగు బిగువును వేలితో తడిమి చూసినట్టే నేనూ దాన్ని తడిమి చూశాను. ఆవిడ గమనించి, 'మీ ఇంట్లోనూ ఎవరో చేతిపని చేస్తారు కదూ' అని అడిగింది. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటలకు కొరత రాలేదు.

కేమన్‌లో పోటు వేళ నీరు చేరే గీతకు దిగువనున్న తీరం ప్రభుత్వానిది. ఎంత గొప్ప హోటల్ ముందైనా తడి ఇసుకమీద ఎవరైనా నడవవచ్చు, కూర్చోవచ్చు. వెస్ట్ బే రోడ్డు నుంచి తీరానికి చేరే సన్నని దారుల దగ్గర బోర్డులు ఉంటాయి. భవనాల మధ్య పొదల వెనుక ఉన్న ఆ బోర్డును వెతుక్కోవాలి, అంతే. స్థానికులు ఈ హక్కును తేలికగా వదులుకోలేదు. పాత వెస్ట్ బే రోడ్డులో కొంత భాగాన్ని మూసివేసి తీరాన్ని పెద్ద నిర్మాణానికి అప్పగించే ఒప్పందం కుదిరినప్పుడు వెస్ట్ బేకు చెందిన నలుగురు మహిళలు న్యాయస్థానానికి వెళ్లారు. వారు కోరినట్టు జరగలేదు. 2016లో అక్కడ పది అంతస్తుల హోటల్ తెరుచుకుంది. కానీ చిన్నప్పటి నుంచి తాము ఈదిన నీటికి వెళ్లే దారి కోసం నలుగురు ఆడవాళ్లు నిలబడడం నాకు చాలా పెద్ద విషయం. ఈ సంగతి అమ్మకు చెప్పినప్పుడు ఆమె వారి పేర్లు అడిగి మరీ విన్నది.

మా బతుకు గురించి కూడా చెప్పాలి. 2016 మార్చిలో ఆ దేశంలో మొదటిసారి కనీస వేతనం అమలులోకి వచ్చింది: గంటకు 6 కేమన్ డాలర్లు, అతిథుల నుంచి సర్వీసు రుసుములో వాటా పొందే ఉద్యోగులకు 4.50. ఒక కేమన్ డాలరు 1.20 అమెరికా డాలర్లకు సమానం కాబట్టి ఊళ్లో వినేవారికి ఆ మొత్తం పెద్దదిగానే అనిపిస్తుంది. కానీ దాదాపు ప్రతి వస్తువూ ఓడలో వచ్చి, సాధారణంగా 22 శాతం దిగుమతి సుంకం కట్టుకుని అంగడికి చేరుతుంది. ఆదాయపు పన్ను లేని దేశంలో ప్రభుత్వం పన్ను వసూలు చేసుకునేది మనం కొనే సరుకుల మీద అని నాకు మొదటి నెలలోనే తెలిసింది. క్రిస్మస్ వారంలో నేను తయారు చేసే బిల్లుల్లో, ఒక గది ఏడు రాత్రుల మొత్తం ఆ గదిని తుడిచే మనిషికి వచ్చే నాలుగు నెలల కనీస వేతనాన్ని మించేది. ఆ రెండు అంకెలూ నా ఎదుటి తెరమీదే కనబడేవి; నేను వాటిని పక్కపక్కన చూడకుండా ఉండలేకపోయేవాణ్ని.

రాజధాని జార్జ్ టౌన్ లోపలి వీధుల్లో రెండు గదుల ఇంట్లో నలుగురం ఉండేవాళ్లం. పక్కింటి జమైకా అక్క పెరట్లో పెంచే, వాళ్లు కలలూ అని పిలిచే ఆకుకూర మన తోటకూరే అని గుర్తుపట్టిన రోజు మా నలుగురికీ పండుగ. ఆదివారాలు పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి. చర్చి గంటలు మోగుతాయి. తీరంలో మాత్రం పని ఆగదు. అక్కడ పనిచేయడానికి ఇచ్చే పర్మిటు యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది గనుక, మాట పడినా ఓర్చుకోవలసిన సందర్భాలు వచ్చేవి. ఒకసారి నా తప్పు లేని లెక్క తేడాకు నా చేత సంతకం చేయించుకున్నారు. మర్నాడు నా మేనేజరు స్వయంగా పిలిచి ఆ కాగితం చించివేయడం కూడా అంతే నిజం.

వేసవి రాత్రుల్లో తాబేళ్లు తీరానికి వచ్చేవి. మే నుంచి శరదృతువు దాకా ఆకుపచ్చ తాబేళ్లు, లాగర్‌హెడ్ తాబేళ్లు ఆ ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు గుడ్లలోంచి బయటికి రాగానే వెలుగు ఉన్న వైపు నడుస్తాయి. వాటి ప్రవృత్తికి తెలిసిన వెలుగు సముద్రంమీది ఆకాశమే గాని, హోటల్ వరండా దీపాలు అంతకంటే ప్రకాశవంతంగా ఉండడంతో నీటికి బదులు రోడ్డువైపు పాకేవి. 2015లో ఒక రాత్రి మా ఈతకొలను పక్కన నలభైకి పైగా పిల్లలు దారి తప్పి తిరుగుతుంటే, కాపలా ఉద్యోగీ నేనూ దీపాలన్నీ ఆర్పి, పర్యావరణ శాఖకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన పద్ధతిలో బకెట్టులో తీసుకెళ్లి చీకటి ఇసుక మీద వదిలాము. తర్వాత కొన్ని సంవత్సరాలకు చాలా హోటళ్లు తాబేళ్లకు హాని చేయని ముదురు నారింజరంగు దీపాలను పెట్టించాయి. ఆ మార్పు తెచ్చినవారిలో తెల్లవారుజామున తీరమంతా నడిచి జాడలు వెతికే స్వచ్ఛంద కార్యకర్తలకు పెద్ద పాత్ర ఉంది.

2014లో నేను చేరినప్పుడు మా హోటల్ ముందు నాలుగు వరుసల పడక కుర్చీలు పట్టేవి. 2017 నాటికి మూడు. ఇసుక ఒకచోట నిలిచి ఉండేది కాదని, ఋతువును బట్టి ఉత్తరానికీ దక్షిణానికీ కదులుతుందని, దానికి చోటు వదలక నీటికి మరీ దగ్గరగా గోడలు కడితే కెరటం గోడను కొట్టి వెనక్కి వెళ్తూ కింది ఇసుకను ఈడ్చుకుపోతుందని నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. మా ఊళ్లో రాళ్ల కట్ట వేసినా, ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి జియోట్యూబులు వేసినా, ఒక వీధి నిలిచిందంటే పక్క పల్లె కోతకు గురైంది. సెవెన్ మైల్ బీచ్ దక్షిణపు కొసన జరిగింది కూడా అదే: ఒక భవనం గోడ గట్టి పడిన కొద్దీ దాని పక్క భవనం ముందు ఇసుక పలుచనైంది.

2020 నవంబరు మొదట్లో ఈటా తుపాను కేమన్‌కు దగ్గరగా వెళ్లింది. ఆ రెండు రోజుల పడమటి కెరటాలకు మా ముందున్న ఇసుకలో చాలా భాగం పోయి, నీరు నేరుగా గోడను కొట్టడం మొదలుపెట్టింది. అదే నెల చివర నివర్ తుపాను మన తీరానికి వచ్చింది. ఉప్పాడ ఒడ్డున కెరటాలు తోడిన ఇసుకలో బంగారు రవ్వల కోసం జనం గుంపులుగా వెతికారు. పాత ఇళ్లూ గుడులూ మునిగిన చోట అవి దొరుకుతాయని మావాళ్ల నమ్మకం. అమ్మ ఫోనులో ఆ సంగతి చెప్తుంటే నేను మా హోటల్ గోడకు కెరటం కొట్టే చప్పుడు వినిపించాను. ఆమె కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'ఏరా, అంత డబ్బున్నోళ్లు కూడా నీళ్ల పక్కనే గోడ కట్టుకున్నారా? మనోళ్లంటే చోటు లేక కట్టుకున్నారు' అన్నది.

అప్పటికి ద్వీపం సరిహద్దులు మూసి ఎనిమిది నెలలైంది. 2020 మార్చి 22న విమానాశ్రయం మూతపడ్డాక హోటళ్లు ఖాళీ అయ్యాయి. జీతాలు లేక చాలామంది ప్రత్యేక విమానాల్లో తమ దేశాలకు వెళ్లిపోయారు. మా హోటల్‌ను కొంతకాలం క్వారంటైన్‌కు వాడుకోవడం వల్ల నా ఉద్యోగం నిలిచింది. అతిథులు లేని ఆ నెలల్లో ఇసుకను చదును చేసేవారు లేక తీరం గుట్టలు గుట్టలుగా, నాచుతో, అడుగుజాడలతో ఉండేది. సాయంత్రాలు స్థానిక కుటుంబాలు అన్నం గిన్నెలతో వచ్చి కూర్చునేవి. పెద్దావిడ తన మనవలను తీసుకొచ్చి, గోడ లేని రోజుల్లో ఇసుక ఎంత దూరం ఉండేదో అడుగులు వేసి చూపించింది. ఆమె లెక్క ప్రకారం ఆ హద్దు ఇప్పుడు నీటిలో చాలా లోపల ఉంది.

నేనున్న రోజుల్లో పర్మిటుమీద వచ్చినవారు గరిష్ఠంగా తొమ్మిదేళ్లు ఉండగలిగేవారు. ఎనిమిదేళ్లు నిండితే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే వీలుండేది. చదువుకు, జీతానికి, సొంత ఆస్తికి, స్థానిక చరిత్ర పరీక్షకు వేర్వేరుగా పాయింట్లు ఇచ్చేవారు, 110 రావలసి ఉండేది. చరిత్ర నాకు పెద్దావిడ పుణ్యమా అని బాగానే వచ్చు. ఆస్తి లేదు, జీతం చాలదు. 2023 నవంబరులో నా గడువు ముగిసింది. చివరి రాత్రి లెక్క ఒక్క సెంటు తేడా లేకుండా కలిసింది. దాన్ని నేపాల్ నుంచి వచ్చిన కొత్త అబ్బాయికి అప్పగించి, బయటికి వచ్చి చూస్తే ఒకే వరుస కుర్చీలున్నాయి, అవీ ఇసుకమీద కాదు, చెక్క వేదికమీద.

ఇప్పుడు కాకినాడలో ఒక హోటల్లో పనిచేస్తున్నాను. ఉప్పాడ బీచ్ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా కొట్టుకుపోతుంది గనుక ఇంటికి పిఠాపురం మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంటాను. పోయిన నెల ఒక పాత సహోద్యోగి ఆ గోడ ఫోటో పంపితే అమ్మకు చూపించాను. ఆమె నీటిని గాని, మేడలను గాని చూడలేదు. 'ఇందులో మనుషులేరి, నీతో పనిచేసినోళ్లు ఎక్కడున్నారు' అని అడిగింది. వేళ్లమీద లెక్కపెట్టి చెప్పాను. రాత్రి విధుల్లో ఉన్న పదకొండు మందిలో ఇద్దరు మాత్రమే ఇంకా ద్వీపంలో ఉన్నారు. ముగ్గురు మనీలాలో, ఇద్దరు జమైకాలో, ఒకరు హోండురాస్‌లో, ఒకరు దుబాయిలో ఉన్నారు. ఒకరి నంబరు పనిచేయడం లేదు. పదకొండోవాడు ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు.