ముక్కులో కండ: కడుగుడు, స్ప్రే, ఆపరేషన్ - నా అనుభవం

రెండు వైపులా దిబ్బడ, గొంతులోకి కారడం, వాసన తెలియకపోవడం. ఇలాంటివి 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్ (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులైన సైనస్‌ల వాపు) కింద చూస్తారు. నా ముక్కులోకి ఎండోస్కోప్ పెట్టి చూస్తే తొక్క ఒలిచిన ద్రాక్షపళ్లలా నిగనిగలాడుతూ పాలిప్స్, అంటే కండ, కనిపించాయి. ఒక్క వైపే ఉంటే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్ష) చేస్తారు, వేరే గడ్డ కావచ్చని. రెండు వైపులా ఉంటే ఉబ్బసం ఉందా, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ పడతాయా అని అడుగుతారు. కండ, ఉబ్బసం, ఈ మాత్రలు పడకపోవడం, ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి ఉంటే ఆ మాత్రలతో ఆయాసం ముంచుకొస్తుంది.

స్టెరాయిడ్ మాత్రల కోర్సుతో వాసన తిరిగొచ్చింది, ఆపాక మళ్లీ పోయింది. ఇది మామూలే. అలాగని మాటిమాటికీ వేసుకునే మందు కాదు. షుగరు పెరుగుతుంది, ఎముకలు, కళ్లు దెబ్బతింటాయి. రోజూ వాడాల్సింది ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే. దాన్ని చాలామంది తప్పుగా కొడతారు, నేనూ అంతే. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో పట్టుకుని, మొనను అదే వైపు కంటి బయటి కొస దిక్కుకు తిప్పాలి. మధ్య గోడకు తగిలేలా కొడితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి పోతుంది. చేదు తగిలిందంటే అదే సంగతి. గుణం తెలియడానికి వారాలు పడుతుంది.

స్ప్రేకి ముందు ముక్కు కడుగుడు. 240 మిల్లీలీటర్ల నీళ్లకు అయోడిన్ కలపని ఉప్పు 2 గ్రాములు, అంటే సుమారు మూడోవంతు టీస్పూను, చిటికెడు వంటసోడా. నీళ్లు డిస్టిల్డ్‌వి కావాలి, లేదా ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చినవి. కుళాయి నీళ్లు నేరుగా వద్దు: మెదడు తినే అమీబా ముక్కు దారినే ఎక్కుతుంది. సింకు మీదికి వంగి, నోరు తెరిచి, నీళ్లు ముక్కులోకి వెళ్లేలా సీసాను మెల్లగా నొక్కాలి. చురుక్కుమంటే ఉప్పు కొలత తప్పింది. చెవి నిండినట్టయితే గట్టిగా నొక్కారన్నమాట. అయ్యాక తల వంచి అటూ ఇటూ తిప్పకపోతే గంట తర్వాత వంగినప్పుడు జలజలా కారుతుంది, అదీ నలుగురిలో!

ఇవన్నీ చేసినా తగ్గకపోతే సీటీ తీసి ఆపరేషన్. కళ్లకూ మెదడుకూ మధ్యనున్న పల్చటి ఎముకల్లో పని కాబట్టి ఆ స్కానే సర్జన్‌కు దారి పటం. కోత బయటికి కనిపించదు. తర్వాత డాక్టరు సరేననే దాకా చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. పక్కులు కట్టి వాసనేస్తాయి. వాటిని డాక్టరు తీస్తారు, మనం గిల్లకూడదు. ఆపరేషన్ అయింది కదా అని నీళ్లూ స్ప్రే మానేసేవాళ్లకు కండ తొందరగా తిరిగి పెరుగుతుంది, ఎందుకంటే కోసింది కండను, వాపును కాదు. నా లెక్కన ఆపరేషన్ అసలు ఉపయోగం, సైనస్ తలుపులు తెరుచుకుని కడుగుడు నీళ్లు లోపలి దాకా వెళ్లడం. కొందరికి అదే నీళ్లలో బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ మందు కలపమంటారు.

అయినా తిరిగొచ్చేవారికి ఇంజెక్షన్లున్నాయి. ఈ జబ్బుకు అమెరికాలో మొదట అనుమతి పొందింది డుపిలుమాబ్, 2019లో: రెండు వారాలకోసారి చర్మం కింద 300 మిల్లీగ్రాములు. వాపును రగిలించే ఐఎల్-4, ఐఎల్-13 అనే రసాయన సంకేతాలను అది అడ్డుకుంటుంది. ఆపేస్తే కండ మళ్లీ పెరగొచ్చు, కాబట్టి ఎన్నాళ్లు అన్నది మొదలుపెట్టకముందే అడగాలి.