రెగ్ కింది మైదానం

రీయూనియన్ సంచికకు మన షికాగో యూనివర్సిటీ క్యాంపస్ గురించి రాయమంది కమిటీ. మెడిసీ రెస్టారెంట్ బల్లల మీద చెక్కిన పేర్లూ, క్వార్టర్ చివర పదోవారం అవస్థలూ ఎవరో ఒకరు రాస్తారు. నేను మన పాత ఫుట్‌బాల్ కోచ్ స్టాగ్ గురించే రాస్తాను. రెగ్, అంటే రీగెన్‌స్టైన్ లైబ్రరీ, ‘ఎ’ లెవెల్‌లో మనం రాత్రిళ్లు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నది ఆయన మైదానం మీదే.

1862లో పుట్టిన ఏమస్ ఎలోంజో స్టాగ్ పాస్టర్ అవుదామని యేల్‌లో చేరాడు. అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్‌లో వరుస చివరన నిలబడే ఎండ్ స్థానంలో ఆడి, 1889లో దేశంలోని మేటి ఆటగాళ్లతో కూర్చిన మొట్టమొదటి ఆల్ అమెరికా జట్టుకు ఎంపికయ్యాడు. ప్రసంగాలు తనకు అబ్బవని తేలాక కోచింగ్ వైపు మళ్లాడు. యేల్‌లో ఆయనకు పాఠం చెప్పి, మన యూనివర్సిటీకి మొదటి ప్రెసిడెంట్ అయిన హార్పరే 1892లో మన దగ్గరికి పిలిచి, ప్రొఫెసర్ హోదా ఇచ్చాడు. కోచ్‌కు ఆ గౌరవం అప్పటికి కొత్త.

ఆయన తెచ్చిన వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది టాక్లింగ్ డమ్మీ, అంటే బంతితో పరుగెత్తేవాణ్ణి పట్టి పడేయడం సాధన చేసే బొమ్మ. పరుపును చుట్టగా చుట్టి తాడుతో వేలాడదీయడం, అంతే. తోటి ఆటగాడి మీద సాధన చేస్తే దెబ్బ తగులుతుందని ఎవరైనా కాస్త వెనక్కి తగ్గుతారు. పరుపు మీదికైతే పూర్తి బలంతో దూకొచ్చు. నడుము కిందికి వంగి, భుజాన్ని తొడలకు ఆనించి, చేతులు చుట్టూ బిగించి, ఆ తర్వాత కూడా అడుగులు వేస్తూనే నెట్టాలి. పైన పట్టుకుంటే పరుగెత్తేవాడు విదిలించుకుపోతాడు. అడుగు ఆగితే పట్టు దొరికినా వాడు ముందుకే పడతాడు, గజమో రెండు గజాలో పోతాయి.

ఆ గజం విలువ 1905 థాంక్స్‌గివింగ్ నాడు తెలిసింది. ఆ రోజు మన ప్రత్యర్థి మిచిగన్ యూనివర్సిటీ అప్పటికి 56 ఆటలుగా ఓటమి ఎరగదు. బంతిని ముందుకు విసిరే ఫార్వర్డ్ పాస్ ఇంకా లేదు, మూడు డౌన్లలో, అంటే మూడు ప్రయత్నాల్లో, అయిదు గజాలు గెలవాలి. అందుకే మన ఆటగాడు ఎకర్సాల్ బంతిని దూరంగా తన్నే పంట్లే మన ఆయుధం. అలాంటి ఒక పంట్‌ను మిచిగన్ ఆటగాడు తన గోల్ గీత వెనక అందుకున్నాడు. అక్కడే కింద పెట్టేస్తే పాయింటు పోయేది కాదు. పరుగెత్తాడు. మనవాళ్లు ఢీకొట్టి, నెట్టుకుంటూ మళ్లీ గీత వెనక్కే పడేశారు. దీన్నే సేఫ్టీ అంటారు, మనకు రెండు పాయింట్లు. 2–0. ఆ రోజు పడ్డ పాయింట్లు అవే!

తర్వాతి పాతికేళ్లను ఒక్క మాటలో దాటేస్తాను: మొత్తం 41 సీజన్లు, ఏడు కాన్ఫరెన్స్ (మన లీగ్) టైటిళ్లు. డెబ్బై ఏళ్లు నిండాయని ఇక చాలన్నారు. ఆయన కాలిఫోర్నియాలోని కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌కు వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. 1938లో ఆ పిల్లలను తీసుకొచ్చి, తన పేరున్న మైదానంలోనే మనల్ని 32–0తో ఓడించాడు. 1943లో, 81 ఏళ్ల వయసులో, దేశంలో మేటి కోచ్‌గా ఎన్నికయ్యాడు. 102 ఏళ్లు బతికాడు.

మన బ్యాచ్‌లో ల్యాబులు నడిపేవాళ్లున్నారు, కంపెనీలు పెట్టినవాళ్లున్నారు. రిటైర్మెంట్ లెక్కలు కూడా మొదలయ్యాయి. డెబ్బైలో కొత్త ఊరికి కాపురం మార్చిన ఈ మనిషి మనవాడని చెప్పుకోవడం నాకు గర్వం. కమిటీకి ఒక మనవి: రీయూనియన్ నడకను ఆ మైదానం చోటే ఉన్న మూర్ శిల్పం దగ్గర, అక్కడ మొదటి అణు గొలుసుచర్య జరిపిన ఫెర్మీ కథతో ముగించకండి, ఈ 2–0 కూడా అక్కడే చెప్పించండి.