మాక్ పోల్ నుంచి 17సీ దాకా: పోలింగ్ డ్యూటీలో నా అనుభవం

పోలింగ్ ఉదయం 7 గంటలకు మొదలైతే మాక్ పోల్, అంటే ఓటింగ్ మిషన్ సరిగ్గా ఉందని చూపించే నమూనా ఓటింగ్, 5:30కే మొదలవ్వాలి. పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్ (పీవో)గా చేసిన అనుభవంతో చెబుతున్నా, రోజు సాఫీగా సాగుతుందో లేదో ఆ గంటన్నరలోనే తేలిపోతుంది. అభ్యర్థుల తరఫున కనీసం ఇద్దరు ఏజెంట్లు ఉండాలి. రాకపోతే 15 నిమిషాలు చూసి మొదలుపెట్టొచ్చు. నేనైతే ముందురోజు సాయంత్రమే ఫోన్లు చేయించి రప్పిస్తాను. ఈ తతంగమంతా మనల్ని నమ్మనివాళ్ల కోసమే. వాళ్లే లేకపోతే చూపించేది ఎవరికి?

వీవీప్యాట్ (పడిన ఓటును స్లిప్పు మీద ముద్రించి చూపే యంత్రం) వెనక ఉన్న నాబ్ నిలువుగా తిప్పాలి, అడ్డంగా ఉంటే అది రవాణా స్థితి. కిటికీ వెలుగో బల్బు వెలుగో నేరుగా పడే చోట దాన్ని పెట్టకూడదు, సెన్సార్ మొరాయిస్తుంది. ఆన్ చేయగానే పడే 7 స్లిప్పులు మిషన్ తనను తాను పరీక్షించుకున్నవి, ఓట్లు కావు. ఏజెంట్లకు ఆ మాట ముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

నోటాతో సహా అందరికీ పడేలా కనీసం 50 ఓట్లు వేయించి, కంట్రోల్ యూనిట్ (ఓట్లు నమోదయ్యే ప్రధాన యంత్రం) మీద క్లోజ్, రిజల్ట్, క్లియర్ బటన్లు అదే వరుసలో నొక్కాలి. ఫలితాన్ని స్లిప్పులతో సరిచూడాలి. తెల్లవారుజామున నిద్రమత్తులో ఎక్కువమంది మరిచిపోయేది క్లియరే. మరిచిపోతే ఆ ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. అందుకే టోటల్ నొక్కి సున్నా ఏజెంట్లందరికీ చూపించాకే సీల్ జోలికి వెళ్తాను. వీవీప్యాట్ డ్రాప్ బాక్సులో పడిన స్లిప్పులు తీసి, వెనక ముద్ర వేసి, నల్ల కవర్లో సీల్ చేయడమూ అప్పుడే.

పోలింగ్ నడుస్తున్నప్పుడు ఓటర్లు సంతకం పెట్టే 17ఏ రిజిస్టర్ వరుస నంబరును కంట్రోల్ యూనిట్ టోటల్‌తో గంటకోసారైనా పోల్చాలి. తేడా వస్తే అప్పుడే కారణం దొరుకుతుంది, సాయంత్రం దొరకదు. సంతకం పెట్టాక ఓటు వేయనంటే బలవంతం చేయకూడదు. రిమార్కుల గడిలో రాసి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఓటు వేయడానికి వీలు కల్పించే బ్యాలెట్ బటన్ మనం నొక్కేశాక ఓటరు అలా వెళ్లిపోతే బిజీ లైటు వెలుగుతూనే ఉంటుంది. తర్వాతి ఓటరును మళ్లీ బటన్ నొక్కకుండానే లోపలికి పంపితే సరి. చివరి ఓటరే అలా వెళ్లిపోతే మాత్రం క్లోజ్ బటన్ పనిచేయదు. యూనిట్ ఆఫ్ చేసి, వీవీప్యాట్ కేబుల్ తీసి, మళ్లీ ఆన్ చేయాలి. ఆన్‌లో ఉండగా కేబుల్ ముట్టుకోవద్దు.

తన పేరుతో ఎవరో అప్పటికే ఓటేశారని గొడవకు దిగే ఓటరు వస్తారు. ప్రశ్నలు అడిగి అతనే అసలు మనిషని తేలితే టెండర్డ్ బ్యాలెట్ ఇచ్చి, అలాంటి ఓట్ల జాబితా అయిన 17బీలో రాయాలి. అది కాగితం ఓటు, మిషన్ ఓటు ఇవ్వకూడదు. మామూలు కౌంటింగులో దాన్ని లెక్కపెట్టరు. ఈ సంగతి చెబితే ఆయన కోపం ఇంకాస్త పెరుగుతుంది, అయినా దాచిపెట్టను.

ముగింపు వేళకు క్యూలో ఉన్నవాళ్లందరికీ సంతకం చేసిన చీటీలు ఇవ్వాలి, అదీ చివరి మనిషి నుంచి ముందుకు. ముందు నుంచి పంచుకుంటూ వస్తే తోకకు కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు.

క్లోజ్ నొక్కాక వచ్చిన అంకెనే చూసి 17సీలో, అంటే పోలైన ఓట్ల లెక్క రాసే ఫారంలో, ఎక్కించాలి. మిషన్ల నంబర్లు, పేపర్ సీల్ నంబర్లు కూడా అందులోనే. అలసిపోయిన ఏజెంట్లు వెళ్లిపోతామంటారు. ఆపి కాపీ చేతికిచ్చి సంతకం తీసుకుంటాను. కౌంటింగ్ రోజు ఆ టేబుల్ దగ్గర వాళ్ల పార్టీ మనిషి మిషన్‌ను సరిపోల్చుకునేది ఆ కాగితంతోనే.